గగనమార్గాన వచ్చే బంతి ఆట: రేడియోలో బేస్‌బాల్ వినే మార్గాలు, వాటి వెనుక విజ్ఞానం

కెనడాలో ఉగాది పండుగ వచ్చేనాటికి చాలాచోట్ల మంచు పూర్తిగా కరగదు. ఆ దినాలలోనే బేస్‌బాల్ ఋతువు ఆరంభమవుతుంది. దీపావళి దీపాలు వెలిగించే రోజుల వరకు సాగుతుంది. ఈ మధ్యకాలంలో ప్రతి జట్టూ 162 ఆటలు ఆడుతుంది. అంటే ఇంచుమించు ప్రతిదినమూ ఆటయే. ఉద్యోగము, వంట, పిల్లల చదువులు గల గృహస్థుడు ప్రతి సాయంకాలమూ టెలివిజన్ ముందు కూర్చోలేడు. కాని కారు నడుపుతూ, పెరటిలో వంగమొక్కలకు నీరు పోస్తూ, వంటింట్లో కూర తరుగుతూ చెవిని మాత్రం ఆటకు అప్పగించవచ్చును. బేస్‌బాల్ క్రీడకూ రేడియోకూ నూరేళ్లకు పైగా విడరాని స్నేహం ఏర్పడడానికి మూలకారణం ఇదే.

టొరాంటో బ్లూ జేస్ జట్టు ఆట మన ఇంటికి వినబడే మార్గాలు నేడు కనీసం నాలుగు ఉన్నవి. మధ్యతరంగ ప్రసారమనబడే ఏ.ఎం. రేడియో మొదటిది. దూరపు నగరాల ఏ.ఎం. కేంద్రాలను రాత్రివేళ పట్టుకోవడం రెండవది. ఉపగ్రహ రేడియో మూడవది. అంతర్జాలం నాలుగవది. ఒక్కొక్క మార్గం వెనుక ఒక్కొక్క భౌతికశాస్త్ర పాఠం ఉన్నది. ఏ మార్గం నిలుస్తుంది, ఏది మూతపడుతుంది అన్న ప్రశ్న కూడా ఇప్పుడు కెనడాలో గట్టిగానే వినబడుతున్నది.

చెవికి అనువైన క్రీడ

అన్ని క్రీడలూ రేడియోకు ఒదగవు. బంతి క్షణమైనా ఆగని ఆటలో వ్యాఖ్యాత ఊపిరి తీసుకోవడమే కష్టం. బేస్‌బాల్ అట్లా కాదు. పిచర్ గంటకు 150 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి బ్యాటరును చేరడానికి సుమారు 0.4 సెకను మాత్రమే పడుతుంది. ఆ తరువాత మరల బంతి వేసేదాకా విరామం ఉంటుంది. ఆ విరామంలోనే వ్యాఖ్యాత స్కోరు చెబుతాడు, గాలివాటం చెబుతాడు, ముప్పై ఏళ్ల కిందటి కథ ఒకటి చెబుతాడు. క్రికెట్ వ్యాఖ్యానంతో పెరిగిన తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కాదు. 1936లో ఇంగ్లండు పర్యటనలో భారత జట్టుకు నాయకత్వం వహించిన విజయనగరం మహారాజకుమారుడు, విజ్జీగా ప్రసిద్ధుడు, అనంతరకాలంలో రేడియో వ్యాఖ్యాతగా మారినవాడే. ట్రాన్సిస్టరును చెవికి ఆనించుకొని టెస్టు మ్యాచి విన్న తరానికి బేస్‌బాల్ నియమాలు నేర్చుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చును గాని, వినే పద్ధతి నేర్చుకోనక్కరలేదు.

మాట గాలిలోకి ఎక్కిన వైనం

తంతి లేకుండా మనిషి మాటను మొదట పంపినవాడు కెనడాలోనే పుట్టినవాడు. క్యూబెక్ రాష్ట్రంలోని ఈస్ట్ బోల్టన్ గ్రామంలో 1866లో జన్మించిన రెజినాల్డ్ ఫెసెండెన్ 1900 డిసెంబరు 23న అమెరికాలోని కాబ్ దీవిలో సుమారు ఒక మైలు దూరానికి తన కంఠస్వరాన్ని పంపగలిగాడు. అక్కడ మంచు కురుస్తున్నదా అని సహాయకుణ్ణి అడిగిన ప్రశ్నయే ఆ మొదటి మాటలలో ఉన్నది. అంతకు ముందు తంతిలేని సాధనాలు చుక్కలను, గీతలను మాత్రమే పంపేవి. మాట పంపాలంటే ఎడతెగకుండా సాగే వాహకతరంగం ఒకటి కావాలని, ఆ తరంగపు కంపనపరిమితిని మాట ఎగుడుదిగుడులను అనుసరించి పెంచుతూ తగ్గిస్తూ ఉండాలని ఫెసెండెన్ గ్రహించాడు. ఏ.ఎం. అనే పేరుకు అర్థం ఇదే.

బేస్‌బాల్ ఆట రేడియోకెక్కినది 1921 ఆగస్టు 5న. పిట్స్‌బర్గ్ నగరంలోని కె.డి.కె.ఎ. కేంద్రం తరఫున హెరాల్డ్ ఆర్లిన్ అనే యువకుడు మైదానంలో కూర్చొని, టెలిఫోను పరికరాన్నే మైకుగా మార్చుకొని, పైరేట్స్, ఫిలీస్ జట్ల ఆటను వర్ణించాడు. పిట్స్‌బర్గ్ జట్టు 8-5 తేడాతో గెలిచింది.

పొరుగూరి ఆటలకు వ్యాఖ్యాతను పంపడం ఆ రోజులలో ఖర్చుతో కూడిన పని. అందుచేత చాలా కేంద్రాలు ఒక చమత్కారం చేసేవి. మైదానం నుండి తంతి ద్వారా వచ్చే చిన్నచిన్న సంకేతాలను చదువుకొని, వ్యాఖ్యాత స్టూడియోలోనే కూర్చొని ఆటను కళ్లారా చూచినట్లు వర్ణించేవాడు. తరువాతికాలంలో అమెరికా అధ్యక్షుడైన రోనాల్డ్ రేగన్ 1930లలో అయోవా రాష్ట్రంలో చేసిన ఉద్యోగం ఇదే. ఒకనాడు ఆట మధ్యలో తంతి తెగిపోగా, వార్త తిరిగి వచ్చేవరకు బ్యాటరు చేత వరుసగా ఫౌల్ బంతులు కొట్టిస్తూ నిమిషాల తరబడి కాలక్షేపం చేశానని ఆయన పలుమార్లు చెప్పుకొన్నాడు. కన్ను లేనిచోట చెవి ఎంత నమ్ముతుందో ఈ కథ తెలుపుతుంది.

అయితే రేడియో ఇంటింటి వస్తువు కావడానికి మరొక అడ్డంకి ఉన్నది. తొలినాటి గ్రాహకాలు ఆమ్లంతో నిండిన బరువైన బ్యాటరీలతో నడిచేవి. ఇంటి గోడలోని విద్యుత్తుతో నేరుగా నడిపితే ఆ ప్రత్యామ్నాయ విద్యుత్తు హోరు మాటను మింగివేసేది. ఈ చిక్కును విప్పినవాడు టొరాంటో యువకుడు ఎడ్వర్డ్ రోజర్స్. 1925లో ఆయన తయారుచేసిన బ్యాటరీ అవసరం లేని రేడియో ఆ సంవత్సరమే కెనడా జాతీయ ప్రదర్శనలో జనానికి పరిచయమయింది. ఆయన 1927లో నెలకొల్పిన కేంద్రమే సి.ఎఫ్.ఆర్.బి.

చరిత్ర ఒక్కొక్కప్పుడు వలయాకారంగా నడుస్తుంది. ఆ ప్రదర్శన ప్రాంగణంలోని క్రీడామైదానంలోనే 1977 ఏప్రిల్ 7న, మంచు కురుస్తుండగా, బ్లూ జేస్ జట్టు తన మొట్టమొదటి ఆట ఆడి షికాగోపై 9-5 తేడాతో గెలిచింది. ఆ ఆటను వినిపించినది 1430 కిలోహెర్ట్జ్ పై ఉన్న సి.కె.ఎఫ్.హెచ్. కేంద్రం. హాకీ వ్యాఖ్యానంలో పితామహుడనదగిన ఫాస్టర్ హ్యూయిట్ స్థాపించిన కేంద్రమది. దాని వారసకేంద్రమే 1992లో పూర్తిగా క్రీడలకు అంకితమై, అనంతరం 590 కిలోహెర్ట్జ్ కు మారింది. 2000లో జట్టును కొన్నది ఎడ్వర్డ్ రోజర్స్ కుమారుని సంస్థయే. నేడు 590 కేంద్రమూ ఆ సంస్థదే.

పగటి తరంగము, రాత్రి తరంగము

590 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 5,90,000 కంపనాలు. కాంతివేగాన్ని ఈ సంఖ్యతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 508 మీటర్లు వస్తుంది. టొరాంటో నగరానికి గుర్తుగా నిలిచిన సి.ఎన్. టవరు ఎత్తు 553 మీటర్లు. అంటే ఆ టవరంత పొడవైన అల ఒకటి ప్రతి ఇంటి మీదుగా సాగిపోతున్నదన్నమాట. ఎఫ్.ఎం. ప్రసారపు అలల పొడవు మూడు మీటర్లే. చిన్న అల తిన్నగా వెళ్లి కొండ అడ్డమైనా, భూమి వంపు అడ్డమైనా ఆగిపోతుంది. పెద్ద అల నేలను అంటిపెట్టుకొని భూమి వంపును అనుసరిస్తూ పోగలదు. దీనిని భూతరంగం అంటారు. టొరాంటోలో బయలుదేరిన ఆటను, గంటల తరబడి కారు ప్రయాణం చేసినా పగటిపూట వినగలగడం దీని మహిమ.

సూర్యాస్తమయం తరువాత కథ మారుతుంది. భూమికి 60 కిలోమీటర్ల ఎత్తు నుండి కొన్ని వందల కిలోమీటర్ల వరకు, సూర్యుని అతినీలలోహిత కిరణాల తాకిడికి వాయువుల పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయి విద్యుదావేశం పొందిన పొరలున్నవి. ఈ ప్రాంతమే అయనోవరణం. దీనిలో అట్టడుగున, 60 నుండి 90 కిలోమీటర్ల మధ్య ఉండే డి పొర మధ్యతరంగాలకు బద్ధశత్రువు. అక్కడ గాలి కొంత చిక్కగా ఉంటుంది గనుక, తరంగం ఊపిన ఎలక్ట్రాన్లు పొరుగు అణువులను ఢీకొని ఆ శక్తిని వేడిగా వృథా చేస్తవి. పగలు పైకి పోయిన తరంగం అక్కడే అంతరిస్తుంది.

పొద్దు కుంకగానే డి పొరలోని ఎలక్ట్రాన్లు మరల పరమాణువులతో కలిసిపోతవి. పొర దాదాపు మాయమవుతుంది. అడ్డు తొలగిన తరంగం ఇంకా పైకి పోయి, పలుచని గాలిలో రాత్రంతా నిలిచి ఉండే పై పొరలను చేరి, అక్కడ వంగి భూమి వైపు తిరిగి వస్తుంది. అద్దంపై పడిన వెలుగు వలె వందల మైళ్ల దూరాన దిగుతుంది. దీనిని ఆకాశతరంగం అంటారు. సాయంకాలం కూయి కూయి మని గొణిగే దూరపు కేంద్రం రాత్రి తొమ్మిదింటికి పక్కగదిలో ఉన్నట్లు పలకడానికి కారణం ఇదే. పై పొరలు నిలకడగా ఉండవు గనుక ఆ ధ్వని అలలు అలలుగా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది.

భరతపక్షి పైనుండి చూచినది

ఈ ఆకాశపు కప్పు ఉన్నదని మొదట సూచించిన సంఘటన కూడా నేటి కెనడా గడ్డపై జరిగినదే. 1901 డిసెంబరు 12న న్యూఫౌండ్లండ్ లోని సిగ్నల్ హిల్ పై మార్కోనీ, ఇంగ్లండు నుండి వచ్చిన సంకేతాన్ని విన్నానని ప్రకటించాడు. తిన్నగా పోవలసిన తరంగం అట్లాంటిక్ సముద్రపు వంపును ఎట్లు దాటినదని శాస్త్రజ్ఞులు తలలు పట్టుకొన్నారు. 1902లో కెన్నెలీ, హెవిసైడ్ అనే ఇద్దరు ఎవరికి వారుగా ఆకాశంలో విద్యుద్వాహకమైన పొర ఉండి ఉంటుందని ఊహించారు. 1924లో ఆపిల్టన్ దానిని ప్రయోగపూర్వకంగా రుజువు చేసి, ఆ కృషికి 1947లో నోబెల్ బహుమతి పొందాడు.

భూమి నుండి చూస్తే ఆ కప్పు అడుగుభాగం మాత్రమే తెలుస్తుంది. పైభాగాన్ని పరిశీలించడానికి కెనడా 1962 సెప్టెంబరు 29న అలూయెట్ అనే తన మొదటి ఉపగ్రహాన్ని పంపింది. ఫ్రెంచి భాషలో ఆ పేరుకు భరతపక్షి అని అర్థం. సోవియట్ యూనియన్, అమెరికాల తరువాత తన ఉపగ్రహాన్ని తానే రూపొందించి నిర్మించుకొన్న మూడవ దేశంగా కెనడా నిలిచింది. ఒక్క సంవత్సరం పనిచేస్తే చాలుననుకొన్న ఆ యంత్రం పదేళ్లు సేవచేసింది. ఉత్తరదేశమైన కెనడాకు ఈ విద్య కేవలం వినోదం కాదు. ధ్రువజ్యోతులు మెరిసే ప్రాంతంలో రేడియో సంబంధాలు తరచు తెగిపోతవి గనుక, కారణం తెలుసుకోవడం ఆ దేశానికి అత్యవసరమయింది.

ఈ శాస్త్రంలో తెలుగువారి పాలు కూడా ఉన్నది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావుగారి నేతృత్వంలో అయనోవరణ పరిశోధన వర్ధిల్లి, ఎందరో విద్యార్థులు ఆ రంగంలో శిక్షణ పొందారు. విశాఖ సముద్రతీరాన కొలిచిన పొరలూ, ఒంటారియో సరస్సు మీద బేస్‌బాల్ ధ్వనిని వంచే పొరలూ ఒకే ఆకాశానికి చెందినవి.

ఇరుగుపొరుగుల తగవు

ఆకాశతరంగానికి సరిహద్దులు తెలియవు. ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ టొరాంటోదే. 1934లో సిన్సినాటి నగరపు డబ్ల్యు.ఎల్.డబ్ల్యు. కేంద్రం 700 కిలోహెర్ట్జ్ పై 5,00,000 వాట్ల శక్తితో ప్రసారాలు మొదలుపెట్టింది. అప్పుడు 690 పై ఉన్న టొరాంటో సి.ఎఫ్.ఆర్.బి. కేంద్రాన్ని ఆ హోరు రాత్రివేళ ముంచివేసింది. కెనడా అభ్యంతరం తెలుపగా, సిన్సినాటి కేంద్రం కొంతకాలం రాత్రి శక్తిని తగ్గించుకొని, ఆపైన టొరాంటో దిశకు తరంగాలు తక్కువగా పోయేటట్లు అదనపు స్తంభాలను నిలబెట్టవలసి వచ్చింది. రెండు మూడు స్తంభాల నుండి వెలువడే తరంగాలు ఒక దిక్కున ఒకదానినొకటి బలపరచుకొని, మరొక దిక్కున రద్దుచేసుకొనేటట్లు అమర్చడమే ఆ ఉపాయం. చెరువులో రెండు రాళ్లు ఒకేసారి వేస్తే అలలు కొన్నిచోట్ల లేచి, కొన్నిచోట్ల అణగడం పిల్లలకు ఎరుకే.

1939లో ఆ కేంద్రం 50,000 వాట్లకు దిగింది. ఉత్తర అమెరికా దేశాలు 1937లో హవానా నగరంలో కుదుర్చుకొన్న ఒప్పందం 1941లో అమలుకు వచ్చి, ఏ దేశపు కేంద్రం ఏ స్థానంలో ఎంత శక్తితో పలకాలో నిర్ణయించింది. నేటికీ అనేక ఏ.ఎం. కేంద్రాలు పొద్దు కుంకగానే శక్తిని తగ్గించుకోవడమో, దిశ మార్చుకోవడమో చేస్తవి. పగలు చక్కగా వినబడిన దగ్గరి కేంద్రం రాత్రి మసకబారితే తప్పు రేడియోది కాకపోవచ్చును.

రాత్రివేటకు కొన్ని మెలకువలు

టొరాంటో పరిసరాలలో ఉన్నవారు చీకటి పడిన తరువాత న్యూయార్క్ 660, షికాగో 670, సిన్సినాటి 700, క్లీవ్‌లండ్ 1100, సెయింట్ లూయిస్ 1120 స్థానాలను ప్రయత్నించవచ్చును. ఇవన్నీ ఆయా నగరాల జట్ల ఆటలతో ముడిపడిన బలమైన కేంద్రాలు. ప్రసారహక్కులు చేతులు మారుతుంటవి గనుక ప్రతి ఋతువు మొదట ఒకసారి సరిచూచుకోవడం మంచిది.

ఏ.ఎం. రేడియో లోపల నల్లని ఫెరైట్ కడ్డీ చుట్టూ తీగ చుట్టి ఉంటుంది. దాని యాంటెన్నా అదే. పైకి లాగే లోహపు కడ్డీ ఎఫ్.ఎం. కోసం మాత్రమే. ఫెరైట్ కడ్డీ ప్రక్కభాగం కేంద్రం వైపు ఉన్నప్పుడు ధ్వని బలంగా వస్తుంది, కొన కేంద్రం వైపు తిరిగినప్పుడు మాయమవుతుంది. కనుక రేడియోను బల్లపై ఉంచి మెల్లగా గుండ్రంగా త్రిప్పాలి. రెండు కేంద్రాలు ఒకేచోట కలిసి పలుకుతుంటే, అక్కరలేని దానివైపు కొనను త్రిప్పితే కావలసినది మిగులుతుంది. ఫోను చార్జర్లు, కొన్ని రకాల ఎల్.ఇ.డి. దీపాలు బరబర శబ్దం పుట్టిస్తవి. వాటిని ఆర్పి, రేడియోను కిటికీ దగ్గర ఉంచితే సగం బాధ తీరుతుంది.

ఋతువును బట్టి కూడా తేడా ఉంటుంది. జూన్ మాసంలో టొరాంటోలో పొద్దు రాత్రి తొమ్మిదింటి వరకు కుంకదు. ఏడింటికి మొదలయిన ఆట చాలావరకు పగటి తరంగంతోనే ముగుస్తుంది. అక్టోబరు వచ్చేసరికి ఆరున్నర, ఏడింటికే చీకటి. పైగా వేసవి ఉరుముల వలన పుట్టే చిటపటలు అప్పటికి తగ్గుతవి. ఛాంపియన్ ఎవరో తేలే ఉత్కంఠభరితమైన దినాలలోనే ఆకాశం కూడా శుభ్రంగా అనుకూలించడం శ్రోతల అదృష్టం. పిల్లలు ఒక పుస్తకంలో తేదీ, సూర్యాస్తమయ సమయం, వినబడిన కేంద్రం, దాని బలం వ్రాసుకొంటూ పోతే, రెండు నెలలలో డి పొర రాకపోకలను తామే కనిపెట్టగలరు. పాఠశాల విజ్ఞానప్రదర్శనకు ఇంతకన్నా చవకైన ప్రయోగం దొరకదు.

ఎడ్మంటన్ వంటి ఉత్తర నగరాలవారికి మరొక అనుభవం ఎదురవుతుంది. సూర్యునిపై తుఫాను చెలరేగి ధ్రువజ్యోతులు వెలిగిన రాత్రి, ఉత్తరపు ఆకాశమార్గాలు మధ్యతరంగాలను మ్రింగివేస్తవి. ఇటువంటి సౌరతుఫానే 1989 మార్చి 13న క్యూబెక్ విద్యుద్వ్యవస్థను కూల్చివేసి, అరవై లక్షలమందిని సుమారు తొమ్మిది గంటలపాటు చీకటిలో ఉంచింది.

ఉపగ్రహము, అంతర్జాలము

ఉపగ్రహ రేడియో 2005లో కెనడాలో సేవలు ప్రారంభించింది. దీని తరంగాల పౌనఃపున్యం సెకనుకు 230 కోట్ల కంపనాల పైమాట, పొడవు 13 సెంటీమీటర్లు. ఇంత చిన్న అలలు అయనోవరణాన్ని తోసుకొని దూసుకొనిపోతవి గనుక పగలూ రాత్రీ తేడా ఉండదు. ఏ జట్టు ఆటనైనా దేశమంతటా ఒకే స్పష్టతతో వినవచ్చును. కాని యాంటెన్నాకు ఆకాశం కనబడాలి. చందా కట్టాలి.

అంతర్జాలపు మార్గం 1995 సెప్టెంబరు 5న తెరుచుకొన్నది. సియాటిల్, న్యూయార్క్ జట్ల మధ్య జరిగిన ఆటను ఆనాడు కంప్యూటర్ల ద్వారా ప్రత్యక్షంగా వినిపించారు. అంతర్జాలంలో ప్రత్యక్ష ప్రసారమైన మొదటి క్రీడగా దానిని చెప్పుకొంటారు. నేడు చరవాణిలో ప్రతి జట్టు వ్యాఖ్యానమూ చందాపై లభిస్తుంది. సెకనుకు 64 కిలోబిట్ల ధ్వనిప్రవాహంతో రెండు గంటల నలభై నిమిషాల ఆట వింటే ఖర్చయ్యే సమాచారం సుమారు 77 మెగాబైట్లు. చిత్రంతో పోల్చితే ఇది అత్యల్పం. భారతదేశానికి సెలవులకు వెళ్లిన కుటుంబాలు కూడా తెల్లవారుజామున టొరాంటో ఆట వినగలగడం ఈ మార్గపు వరం.

అయితే ఈ వరానికి ఒక కొరత ఉన్నది. దాని పేరు ఆలస్యం. మైదానంలో 120 మీటర్ల దూరాన కూర్చొన్న ప్రేక్షకునికి బ్యాటు దెబ్బ చప్పుడు చేరడానికి 0.35 సెకను పడుతుంది. 300 కిలోమీటర్ల దూరంలోని ఇంటికి రేడియో తరంగం చేరడానికి ఒక సెకనులో వెయ్యవ వంతు చాలును. పాత ఏ.ఎం. పద్ధతిలో ఇంటి శ్రోతయే మైదానంలోని ప్రేక్షకునికన్న ముందుగా దెబ్బ విన్నాడన్నమాట! అంతర్జాలంలో అట్లా జరుగదు. ధ్వనిని అంకెలుగా మార్చి, ముక్కలుగా కట్టి, దారిలో ముక్క తప్పిపోతుందేమోనని ముందుగా కొంత నిల్వచేసి వినిపించడంలో అనేక సెకనులు గడచిపోతవి. పక్కింటివారి హర్షధ్వానం విని, తన చెవిలో ఇంకా పడని హోం రన్ ను ముందే తెలుసుకొనే దుస్థితి ఇందువలననే.

ఇది చిన్న విషయం కాదు. 1939 నుండి దేశానికి గడియారాలు సరిచేసుకొనే సంకేతాన్ని వినిపించిన కెనడా బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ 2023 అక్టోబరు 9న దానిని విరమించింది. ఉపగ్రహము, అంతర్జాలము వంటి మార్గాలలో ఒక్కొక్క శ్రోతకు ఒక్కొక్క ఆలస్యంతో చేరే సంకేతం ఇక సరియైన కాలాన్ని చెప్పలేదు. దేశమంతా ఒకే క్షణాన ఒకే మాట వినడమనే సౌకర్యం అట్లా చేజారింది.

గొంతు కోల్పోయిన జట్టు

మాంట్రియల్ ఎక్స్‌పోస్ 1969లో పుట్టింది. అమెరికా వెలుపల నెలకొన్న మొదటి ప్రధాన బేస్‌బాల్ జట్టు అదే. ఇంగ్లీషులో డేవ్ వాన్ హార్న్ మొదటినుండి దాని గొంతుకగా నిలిచాడు. ఫ్రెంచిలో జాక్ డుసే దశాబ్దాల తరబడి వ్యాఖ్యానించి, ఇంగ్లీషు మాటలను ఉన్నదున్నట్లు దించక, శ్రోతలకు నోటికి అందే ఫ్రెంచి పలుకుబడులను స్థిరపరచాడు. తిరుగుడు లేకుండా గాలిలో ఊగుతూ వచ్చే బంతిని ఫ్రెంచిలో సీతాకోకచిలుక బంతి అంటారు. ఇంతకన్న చక్కని పేరు మరే భాషలో ఉన్నదో చెప్పడం కష్టం.

2000 సంవత్సరంలో ఆ జట్టుకు ఇంగ్లీషు రేడియో ఒప్పందం కుదరలేదు. వాన్ హార్న్ వ్యాఖ్యానం అంతర్జాలంలో మాత్రమే వినవచ్చేది. అప్పటి టెలిఫోను తీగల వేగంతో, కంప్యూటరు ముందు కూర్చొని వినగలవారెందరు? కారులో, వంటింట్లో, వృద్ధుల మంచం ప్రక్కన ఆట వినబడడం మానివేసింది. ఆ ఋతువు తరువాత వాన్ హార్న్ వేరొక జట్టుకు వెళ్లిపోయాడు. 2004తో జట్టే మాంట్రియల్ ను విడిచిపోయింది. రేడియో లేకపోవడమే దీనికి కారణమని చెప్పడం అతిశయోక్తి. ధనసమస్యలు, మైదానసమస్యలు చాలా ఉన్నవి. కాని ఊరి గాలిలో గొంతు వినబడని జట్టు ఊరి మనస్సులో నిలవడం కష్టమన్నది మాత్రం నిజం.

టొరాంటోకు ఆ విషయంలో అదృష్టం ఎక్కువ. టామ్ చీక్ 1977 ఏప్రిల్ 7న మొదటి ఆట నుండి 2004 జూన్ 2 వరకు ఒక్కటి కూడా తప్పక వరుసగా 4,306 ఆటలకు వ్యాఖ్యానం చెప్పాడు. తండ్రి మరణించిన కారణంగా ఆ మరునాటి ఆటకు తొలిసారి రాలేకపోయాడు. 1993 అక్టోబరు 23న జో కార్టర్ కొట్టిన హోం రన్ తో జట్టు రెండవసారి ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు దేశం విన్న గొంతు ఆయనదే. ఆయనకు దీర్ఘకాలం తోడుగా నిలిచిన జెర్రీ హోవర్త్, ఆదివాసి శ్రోత ఒకరు వ్రాసిన లేఖ చదివి, వారిని నొప్పించే జట్టు పేర్లను పలకడమే మానివేశాడు. వ్యాఖ్యాతకూ శ్రోతకూ నడుమ ఉండే బంధం ఎంత సన్నిహితమో దీనిని బట్టి తెలుస్తుంది.

ఎవరికోసం ఈ రేడియో?

2021లో బ్లూ జేస్ ఆటలకు ప్రత్యేక రేడియో వ్యాఖ్యానం ఆపి, టెలివిజన్ ధ్వనినే రేడియోకు పంపారు. చిత్రాన్ని చూచేవారికోసం చెప్పే మాటలో బంతి ఎటు పోయినదో చెప్పనక్కరలేదు. వినేవారికి ఆ మాటయే ప్రాణం. చూపు లేనివారికి ఆ తేడా పగలూ రాత్రీ తేడా వంటిది. శ్రోతల అసంతృప్తి స్పష్టంగా వినవచ్చింది. 2022లో ప్రత్యేక వ్యాఖ్యానం తిరిగి వచ్చింది.

ఏ.ఎం. మార్గం మాత్రం నానాటికీ కుంచించుకొనిపోతున్నది. 2023 జూన్ లో బెల్ మీడియా సంస్థ వాంకూవర్, కాల్గరీ, ఎడ్మంటన్, విన్నిపెగ్, లండన్ నగరాలలోని ఆరు ఏ.ఎం. కేంద్రాలను మూసివేసింది. విద్యుత్కార్ల మోటారు వ్యవస్థలు ఏ.ఎం. ప్రసారంలో రొద పుట్టిస్తవి. ఆ కారణంగా కొన్ని సంస్థలు కారులో ఏ.ఎం. గ్రాహకాన్నే మానివేశాయి. ఫోర్డ్ సంస్థ అదే బాట పట్టబోయి, 2023 మే మాసంలో నిర్ణయం మార్చుకొన్నది. ఏ.ఎం. కేంద్రం నడపడానికి విశాలమైన భూమి, ఎత్తైన స్తంభాలు, ఎడతెగని విద్యుత్తు కావాలి. వ్యాపారదృష్టితో లాభం తక్కువే.

కాని లెక్కకు రాని లాభాలు కొన్ని ఉన్నవి. చందా లేదు, ఖాతా లేదు, సంకేతపదం లేదు. కొత్తగా వలస వచ్చిన విద్యార్థికి, మనవల వద్దకు వచ్చి ఇంటిపట్టున ఉండే తాతగారికి, విద్యుత్తు పోయిన రాత్రి రెండు బ్యాటరీలతో కూర్చొన్న కుటుంబానికి అది సమానంగా అందుతుంది. 2025 అక్టోబరు 27న లాస్ ఏంజిలస్ లో ఆరంభమైన ప్రపంచ సిరీస్ మూడవ ఆట 18 ఇన్నింగ్స్ సాగి, టొరాంటోలో వేకువజామున మూడు గంటలు కావస్తుండగా బ్లూ జేస్ ఓటమితో ముగిసింది. ఇల్లంతా నిద్రపోతుండగా దిండు ప్రక్కన సన్నగా మ్రోగగలిగేది రేడియో ఒక్కటే.

మరొక విషయం తెలుగు కుటుంబాలు ఆలోచింపదగినది. కెనడాలో 2008 నుండి హాకీ ఆటకు పంజాబీ వ్యాఖ్యానం వినబడుతున్నది. వలసవచ్చిన భాష ఒకటి కొత్తదేశపు ఆటకు గొంతునివ్వగలదని అది నిరూపించింది. ఫ్రెంచిలో డుసే చేసిన పదసృష్టి తెలుగులో అసాధ్యమేమీ కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, రేడియోలో ఆట నడుస్తుండగా, పిల్లలు ఒక ఇన్నింగ్స్ ను తెలుగులో చెప్పడానికి ప్రయత్నిస్తే, పెద్దలు మాటలు అందిస్తే, భాష కూడా ఆటయే అవుతుంది. తిరుగుడు లేక ఊగివచ్చే బంతికి తెలుగులో ఏమి పేరు పెడతారన్నది ఆ ఇంటి పిల్లలే తేల్చవలసిన విషయం.